మూడో తరగతి వాచకానికి కీ

ఆ రోజు ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నాం. ముందు గదిలో పుస్తకాల కట్టల మధ్య దామోదర్ మామ, వంటింటి గడప మీద మా అవ్వ నారాయణమ్మ, మధ్య గదిలో నేను. సుధారాణి అత్త లేదు. వాళ్లమ్మకు కంటి ఆపరేషన్ అయితే చూసుకోవడానికి పెద్దపంజాణి పోయింది. అత్త ఇంట్లో ఉండి ఉంటే నాకు ఆ పని పడేది కాదు.

దామోదర్ మామ మా అమ్మకు తమ్ముడు. మదనపల్లెలో ఆయనకు పెళ్లికార్డులు, బిల్లు పుస్తకాలు వేసే చిన్న ప్రెస్సు ఉంది. నేను పదో తరగతి పరీక్షలు రాసి, ఇక్కడే ఇంటర్ చదవడానికని నిమ్మనపల్లె పక్క మా పల్లె నుంచి వచ్చాను. నాకు కొత్తవాళ్లతో మాట్లాడటం రాదు. ఎవరైనా ఏదైనా అడిగితే, జవాబు వాళ్లు వెళ్లిపోయాక తోస్తుంది. అప్పుడు డైరీలో రాసుకుంటాను.

అత్త చాలా ఏళ్లు ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పింది. రెండేళ్ల కిందట ఆ ఉద్యోగం వదిలేసి మూడో తరగతికి ఒక వాచకం రాసింది. దాని పేరు ‘చుట్టుపక్కల’. గవర్నమెంటు పుస్తకంతో పాటు ప్రైవేటు బడులు ఇంకో పుస్తకం కూడా పెట్టుకుంటాయి కదా, అలాంటిది. అందులో టమోటా మార్కెట్టుకు పోయే బండి మీద ఒక పాఠం ఉంది. పుంగనూరు పొట్టి ఆవు మీద ఒకటి. కుప్పం స్టేషన్లో బెంగళూరు రైలు కోసం కూరగాయల గంపలతో నిలబడే ఆడవాళ్ల మీద ఒకటి. పాఠాలకన్నా ప్రశ్నల దగ్గర అత్త ఎక్కువ కష్టపడిందని మామ అంటాడు. ఏ ప్రశ్నకూ జవాబు పాఠంలో దొరకదు. మీ వీధిలో వాన నీళ్లు ఎటు పోతాయి, పోయి చూసి రండి. మీ ఇంట్లో అందరికన్నా పాత వస్తువు ఏది, అది ఎవరిదో అడిగి తెలుసుకోండి. అన్నీ ఇలాంటివే.

"పుస్తకం మూసి ఇంట్లోకి సూడాల పిల్లోళ్లు. అప్పుడే గదా సొంత మాట వస్తుంది" అనేది అత్త.

మామ దాన్ని అచ్చువేశాడు. రెండు వేసవులు స్పెసిమెన్ కాపీలు సంచిలో వేసుకుని బడులన్నీ తిరిగాడు. ఒక్క బడి కూడా తీసుకోలేదు. ఈ జూన్‌కు కూడా ఎవరూ తీసుకోకపోతే ఇంతటితో ఆపేద్దామని ఇద్దరూ అనుకున్నారు. అత్తను పాత బడివాళ్లు మళ్లీ రమ్మంటున్నారు. "ఒక్క బడి చాలు. వెనక బెంచీలో కూర్చుని ఒక్కసారి వింటే చాలు నాకు" అని అత్త పెద్దపంజాణి బస్సు ఎక్కుతూ కూడా అంది.

ఆ పొద్దున మామ పుంగనూరు పోతూ నన్ను వెంట తీసుకెళ్లాడు. రెండో సంచి మోయడానికి ఒక మనిషి కావాలి. పైగా నేను నలుగుర్ని చూడాలని అవ్వ పోరింది. దారిలో మామ తన అనుభవం చెప్పాడు. పుస్తకం చేతికివ్వగానే టీచరు ముందు నుంచి తిప్పితే మర్యాదకు తిప్పుతున్నట్టు. వెనక నుంచి తిప్పితే ఆశ ఉన్నట్టు. ఎందుకంటే వెనక నుంచి తిప్పేవాళ్లు దాన్ని చెప్పాల్సి వస్తే ఎలా అని ఆలోచిస్తారు.

ఆ బడి కరస్పాండెంట్ కిరణ్ సార్‌ది చిన్న వయసు. వాళ్ల నాన్న పెట్టిన బడిని ఇప్పుడు ఆయన చూసుకుంటున్నాడు. కుప్పంలో కూడా వాళ్లకు ఒక బ్రాంచి ఉంది. రెండు బడుల్లోనూ తెలుగు పుస్తకాలు ఎంచేది బాలాజీ సార్. ఆయన మా పుస్తకాన్ని వెనక నుంచి తిప్పాడు. మామ నా వైపు ఒకసారి చూశాడు.

"పాఠాలు బాగుండాయి దామోదర్ గారూ" అన్నాడు బాలాజీ సార్. "మా ఊరి ఆవు మీద పాఠం ఇంతవరకు నేను యాడా సూళ్లేదు. అంతా బాగుండాది గానీ కీ యాడుండాది?"

"దీనికి కీ లేదు సార్. పిల్లోళ్లు సొంతంగా రాసుకునే ప్రశ్నలు ఇవి."

"సొంతంగా రాస్తే దిద్దేదెవురప్పా?" ఆయన ఒక పేజీ దగ్గర వేలు పెట్టాడు. "ఇది సూడు. మీ వీధిలో వాన నీళ్లు ఎటు పోతాయి. ఒకడు ఈ పక్క అంటాడు, ఒకడు ఆ పక్క అంటాడు. నేను గొడుగేసుకుని వీధివీధీ తిరిగి సూసొచ్చి మార్కు వేయాల్నా?"

స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. ఆయన నవ్వడం నాకు నచ్చలేదు. కానీ బాలాజీ సార్ ఎగతాళిగా అనలేదని కూడా తెలుస్తోంది. ఆయన టేబుల్ మీద దిద్దాల్సిన నోటుపుస్తకాలు తల ఎత్తున పేర్చి ఉన్నాయి.

కిరణ్ సార్ మెల్లగా చెప్పాడు. "హైదరాబాద్ కంపెనీవాళ్లు కీ ఇస్తారు. టెస్టు పేపర్లు ఇస్తారు. పెన్ డ్రైవులో పాటలు గూడా ఇస్తారు. మీరు మన పక్కవాళ్లు, మీది పెట్టాలనే నాకూ ఉండాది. కీ ఒకటి తెండి చాలు. పుంగనూరులో, కుప్పంలో రెండుచోట్లా మూడో తరగతికి పెట్టేస్తా."

తిరుగు బస్సులో మామ పుస్తకం తీసి ప్రశ్నల పేజీలే తిప్పుతూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చి సంచులు దించగానే అవ్వ అడిగింది. "ఏమన్నార్రా?"

"కీ కావాలంటారమ్మా. అన్ని ప్రశ్నలకీ జవాబులు రాసియ్యాలంట."

"రాసిచ్చేస్తే పోలా? వంకాయలు కొనేవాళ్లు కొసరుకి కరేపాకు అడగరా? అడిగితే రెండు రెబ్బలు గంపలో ఎయ్యమా? ఇదీ అంతే."

"రాణి ఒప్పుకోదమ్మా. కీ అనే మాట ఎత్తితేనే లేచి పోతాది."

"ఒప్పుకోకుండా పోయేదానికి ఆమె ఈడ ఉండాదా?"

మామ చాలాసేపు కట్టల తాడు విప్పుతూ, మళ్లీ కడుతూ కూర్చున్నాడు. తర్వాత మధ్య గది వైపు తిరిగాడు. "వేణమ్మా, నీ చేతిరాత బాగుంటాది. నువ్వు రాసిస్తావా? ఏదో ఒకటి రాయి తల్లీ. కీని ఎవురూ సదవరు. ఉండాదా లేదా అనేదే సూస్తారు."

నేను తల ఊపాను.

మొదట మామ చెప్పినట్టు ఏదో ఒకటే రాశాను. మా వీధిలో వాన నీళ్లు తూర్పుకు పోతాయి. మా ఇంట్లో అన్నిటికన్నా పాతది రోలు. నాలుగైదు ప్రశ్నలు అలా గడిచాయి. తర్వాత అలా రాయడం నాకే బాగనిపించలేదు. ఆ ప్రశ్నలు ఎదురుగా కూర్చుని, నేను చెప్పేదాకా కదలని మనిషిలా ఉన్నాయి. బడిలో నన్ను ఎవరూ అలా అడగలేదు. కొట్టేసి మళ్లీ మొదటి నుంచి రాశాను. వాన నీళ్లు మా పల్లెలో మా వీధిలో నిజంగా ఎటు పోతాయో రాశాను. పక్కింటి రామచంద్ర వాళ్ల దిబ్బ దగ్గర మలుపు తిరిగి, వద్దన్నా మా పెరట్లోకే వస్తాయి.

‘మీ ఇంట్లో ఎవరైనా దూరం పనికి పోతారా? వాళ్లు ఇంటికి వచ్చినప్పుడు మీకు మొదట కనిపించేదేమిటి?’ అనే ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగాను. మా నాయన మునెప్ప కుప్పంలో పని చేస్తాడు. ఇలా రాశాను: ‘మా నాయన కుప్పంలో గ్రానైటు రాళ్లకు పాలిష్ పట్టే చోట పని చేస్తాడు. ఆదివారం ఇంటికి వస్తాడు. నాకు మొదట కనిపించేది ఆయన కనురెప్పల మీది తెల్ల దుమ్ము. స్నానం చేసినా అది పూర్తిగా పోదు.’

ఆ మాట అంతకుముందు డైరీలో కూడా రాయలేదు. రాసేదాకా నేను దాన్ని గమనించానని నాకే తెలియదు.

మామ చదవకుండానే కంపోజింగుకు ఇచ్చేశాడు. పలచటి పుస్తకంలా కుట్టించి పుంగనూరు తీసుకుపోయాడు. ఆ సాయంత్రం మిఠాయి పొట్లంతో వచ్చాడు.

అత్త పెద్దపంజాణి నుంచి వచ్చి, రెండు బడుల్లోనూ పుస్తకం పెట్టారని విని గడపలోనే కూర్చుండిపోయింది. చేతిలో సంచి కూడా దించలేదు. "కీ లేకుండానే ఒప్పుకున్నారా?" అంది.

"ఒప్పుకున్నార్లే" అన్నాడు మామ, ఫ్యాను స్విచ్చి వేస్తూ.

"వేణీ, నువ్వు గూడా ఉంటివి గదా ఆడ? ఏమన్నారు?"

"పాఠాలు బాగున్నాయన్నారు అత్తా."

అది నిజమే. కానీ ఆ తర్వాత అత్త నా రెండు చేతులూ పట్టుకుని అలాగే కూర్చుంటే, చేతులు ఎప్పుడు వదులుతుందా అనిపించింది. మరుసటి రోజే పాత బడికి ఫోన్ చేసి ఇక రానని చెప్పింది. నాలుగో తరగతి వాచకం మొదలుపెట్టింది. మధ్యాహ్నం పూట లోపలి గదిలో కూర్చుని రాస్తూ, మధ్యలో బయటికొచ్చి అవ్వను అడిగేది: "అత్తా, చిన్నప్పుడు మీ ఊర్లో పెళ్లికి ఎవురు పిలవను వస్తావుండ్రి?" అవ్వ చెప్పడం మొదలుపెడితే పొయ్యి మీద పాలు పొంగేవి.

బడులు తెరిచాక అత్త కుప్పం పోయి క్లాసులో కూర్చుంటానంది. మామ వాయిదా వేయించాలని చూశాడు. పిల్లోళ్లు ఇంకా కుదురుకోలేదన్నాడు. ఎండలు తగ్గనిమ్మన్నాడు. పుంగనూరు దగ్గర కదా, అక్కడికి పోదామని కూడా అనలేదు. అక్కడ బాలాజీ సార్ ఉన్నాడు, అత్తను చూడగానే కీ మాట ఎత్తుతాడు. చివరికి అత్త తనే మమత మేడంకు ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకుంది. కుప్పం బ్రాంచిలో మూడో తరగతికి తెలుగు చెప్పేది ఆమె. ఆ రోజు మా కాలేజీలో కొత్తవాళ్లకు ఫంక్షన్. అందరి ముందూ నిలబడి పేరు చెప్పాలట. నేను అత్తతో కుప్పం వస్తానన్నాను. కీని ఎవరూ చదవరని మామ చెప్పిన మాట నేను నమ్మాను.

పుంగనూరు, పలమనేరు దాటి బస్సు పోతున్నంతసేపూ అత్త మాట్లాడుతూనే ఉంది. "కుప్పం పిల్లోళ్లు తమిళం, కన్నడం కలిపి మాట్లాడతారు. రాతలో గూడా అవి వస్తాయి. దిద్దొద్దని చెప్పాల మమతమ్మకు" అంది. కాసేపాగి, "గుడిపల్లె పక్క నుంచి ఎవురన్నా వస్తావుంటారు. వాళ్ల ఇండ్ల సంగతులు మనకు తెలీవు. వింటాం" అంది. తీసుకెళ్తున్న పెన్సిళ్ల డబ్బాను ఒడిలోనే పెట్టుకుంది.

మమత మేడం నాకన్నా కొద్దిగా పెద్దదిలా ఉంది. చేతిలో సుద్దముక్కతోనే గేటు దాకా వచ్చింది. "పుస్తకం రాసిన మేడం ఈమే" అని పిల్లలకు చెప్పింది. అందరూ లేచి నిలబడ్డారు. అత్త వెనక బెంచీలో కూర్చుంది. నేను ఆమె పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. మమత మేడం స్టేషన్ పాఠం చెప్పింది. బాగా చెప్పింది. గంపలెత్తుకునే ఆడవాళ్లు ఎలా కేకలేస్తారో గొంతు మార్చి చూపించింది. పిల్లలు నవ్వారు. అత్త నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

పాఠం అయ్యాక అత్త లేచింది. "నేనొక ప్రశ్న అడగనా? మీ ఇండ్లలో ఎవరన్నా దూరం పనికి పోతారా?"

అన్ని చేతులూ లేచాయి. ముందు వరుసలో రెండు జడల పిల్ల నిలబడి చేతులు కట్టుకుంది.

"మా నాయన కుప్పంలో గ్రానైటు రాళ్లకు పాలిష్ పట్టే చోట పని చేస్తాడు. ఆదివారం ఇంటికి వస్తాడు."

"కుప్పం అంటే ఈడే గదమ్మా" అత్త నవ్వింది. "ఈ ఊర్లో ఉండి ఈ ఊరికే వారానికొకసారి వస్తాడా మీ నాయన?"

ఆ పిల్ల కట్టుకున్న చేతులు విప్పకుండా నిలబడింది. అత్త పక్క పిల్లాడి వైపు చూసింది. వాడు లేచి అదే చెప్పాడు. వాడి వెనకవాడు అదే చెప్పాడు. పిల్లలు తడబడుతున్నారనుకుని మమత మేడం చెయ్యి ఊపింది. క్లాసంతా ఒక్క గొంతుతో అందుకుంది.

"నాకు మొదట కనిపించేది ఆయన కనురెప్పల మీది తెల్ల దుమ్ము. స్నానం చేసినా అది పూర్తిగా పోదు."

నా మాటలు అంతమంది నోట విన్న ఆ క్షణం నాకు మొదట కలిగింది సంతోషం. ముఖంలో కనిపిస్తుందేమోనని తల వంచుకున్నాను. తల ఎత్తేసరికి అత్త బెంచీల మధ్య నడుస్తోంది. మూడో వరుసలో చివర కూర్చున్న పిల్లాడి దగ్గర ఆగింది. అందరికన్నా గట్టిగా చెప్పినవాడు వాడే.

"నీ పేరేమి నాయనా?"

"సిద్ధార్థ."

"మీ నాయన నిజంగా ఏం పని చేస్తాడు?"

"మా నాయన కుప్పంలో గ్రానైటు రాళ్లకు..."

"అది కాదప్పా. బుక్కులోది వద్దు. మీ ఇంటి సంగతి చెప్పు."

వాడు మమత మేడం వైపు చూశాడు. ఎక్కడ తప్పు పోయిందో వెతుకుతున్నట్టు పెదవులు కదిపాడు. మమత మేడం గబగబా వచ్చి అత్త చెవి దగ్గర మాట్లాడింది. నాకు వినపడేంత దగ్గరలోనే ఉన్నారు.

"వాళ్ల నాయన లేడు మేడం. పోయినేడాది లారీ కింద పడి పోయినాడు."

అత్త వాడి తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అలాగే ఉంచి, "వీనికి ఈ జవాబు ఎవురు నేర్పించినారు?" అని అడిగింది.

"కీలో ఇట్లనే ఉండాది గదా మేడం." మమత మేడం టేబుల్ మీది పలచటి పుస్తకం తెచ్చి ఇచ్చింది. "మీరిచ్చిన కీనే ఇది. నాకు మూడు సెక్షన్లు మేడం. ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తే నేను దిద్దలేను. దిద్దినా, వానికి అన్ని మార్కులు యాల, మా వానికి ఇన్నే యాల అని అమ్మానాయనలు వస్తారు. అందుకే బోర్డు మీద రాసి బట్టీ పెట్టించినా. మంచిగా ఉండాయి జవాబులు. నాకు గూడా నచ్చినాయి."

ఆమె భయపడింది. తనను తప్పు పడతారనుకుంది. అత్త ఆమె భుజం తట్టి, "నీ పాఠం బాగుంది తల్లీ" అంది. తర్వాత కిటికీ దగ్గర నిలబడి కీ చదివింది. పేజీ తర్వాత పేజీ, ఆపకుండా చదివింది. రామచంద్ర వాళ్ల దిబ్బ దగ్గరకు వచ్చిందో, మా నాయన దగ్గరకు వచ్చిందో నాకు తెలియదు. ఒకసారి తల తిప్పి నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే నాకు తేలికగా ఉండేది.

పెన్సిళ్లు పంచి బయటికి వచ్చాం.

మేం వస్తున్నామని ముందే తెలుసు కనుక నాయన బస్టాండుకు వచ్చాడు. పని మధ్యలో అడిగి వచ్చాడు. వేయించిన శనక్కాయల పొట్లం నా చేతిలో పెట్టాడు.

"ఏమ్మా సుధా, పిల్లోళ్లు నీ బుక్కు సదువుతాండారా?"

"సదువుతాండారన్నా."

"బాగా సదువుతాండారా?"

"తప్పు లేకుండా చెప్పినారు" అంది అత్త. ఆమె ఆయన ముఖం వైపే చూస్తోంది. కళ్లకు కాస్త పైన. నాయనకు ఏమీ అర్థంకాక చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "దుమ్ము. ఎంత కడిగినా పోదు ఇది" అన్నాడు మొహమాటంగా.

"ఉండనీ అన్నా" అంది అత్త.

బస్సులో అత్త కళ్లు మూసుకుని కూర్చుంది. నిద్రపోలేదు. నేను చెప్పాల్సిన మాటలు లోపల వరసగా పేర్చుకున్నాను. మదనపల్లె వచ్చేసరికి అవి చెదిరిపోయాయి.

మామ వీధి వాకిలిలోనే ఎదురుచూస్తున్నాడు. అత్త చేతిలో కీ చూడగానే ఆయనకు తెలిసిపోయింది.

"నాతో యాల చెప్పలేదు?" అంది అత్త.

"చెప్తే ఒప్పుకుంటావుంటివా? అది లేకుంటే నీ బుక్కు ఆ బడి గేటు దాటుండేది కాదు రాణీ."

"దాటకుంటే ఏమైతావుండె?"

"ఇప్పుడంటావు ఆ మాట. రెండేండ్లు నేను సంచి భుజానేసుకుని ఇంటికొస్తే, నా ముఖం సూడకుండా సంచి బరువు సూసేదానివి. తగ్గిందా లేదా అని. నేను సూళ్లేదా అది?"

అవ్వ మధ్యలోకి వచ్చింది. "ఏదో ఒకటి రాసుకున్నారు పిల్లోళ్లు. పాసవుతారు. దీన్ని యాల ఇంత పెద్దది చేస్తావమ్మా?"

"నాయన సచ్చిపోయిన బిడ్డ అత్తా వాడు. ఆదివారం మా నాయన వస్తాడని నిలబడి చెప్పినాడు నాకు. నేను అడిగితే చెప్పినాడు. నా ప్రశ్నకు."

అవ్వ కొంగు సర్దుకుని వంటింట్లోకి పోయింది.

"సరే, ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు మామ. ఆయన గొంతు తగ్గింది. "కీ వెనక్కిమ్మంటే బుక్కులు గూడా వెనక్కొస్తాయి. బాలాజీ సార్ ఒక్క రోజు గూడా ఉంచుకోడు. ఇంక ఈ పక్క ఏ బడిలోనూ మన నాలుగో తరగతి బుక్కును ముట్టుకోరు. పాత ఉద్యోగం గూడా లేదు నీకు."

"తెలుసు."

"కిరణ్ సార్‌కి నేను ఏమని చెప్పాల?"

"నువ్వు చెప్పొద్దు. నేను చెప్తా."

అప్పుడు నా వైపు తిరిగింది. నేను గోడ పక్కన ఇంకా చెప్పులు విడవకుండా నిలబడి ఉన్నాను.

"అన్నీ నువ్వే రాసినావా వేణీ?"

తల ఊపాను.

"మీ నాయన కనురెప్పల మాట ఎవురన్నా చెప్పినారా? నీకే తోచిందా?"

"నాకే."

"నా ప్రశ్నలకి జవాబు రాసింది ఇంతవరకు నువ్వొక్కదానివే" అంది అత్త. ఆ మాటలో మెప్పు ఉందో బాధ ఉందో నాకు తెలియలేదు. ఆమెకూ తెలుసని అనుకోను. ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి పోయింది.

మామ పుస్తకాల కట్ట మీద కూర్చుని తల పట్టుకున్నాడు. నేను చెప్పులు విప్పి లోపలి గది దాకా పోయాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. అత్త మంచం అంచున కూర్చుని, నాకు పక్కగా తిరిగి మాట్లాడుతోంది.

"కిరణ్ సార్, సుధారాణిని. ఆ, క్లాసు సూసినా. మమత మేడం బాగా చెప్తాండాది, ఆయమ్మని ఏమీ అనొద్దు. సార్, నేను ఫోన్ చేసింది కీ గురించి. దాన్ని మీరు రెండు బ్రాంచీల నుంచీ వెనక్కి పంపించాల." ఆగింది. అటువైపు ఆయన చాలాసేపు మాట్లాడాడు. "లేదు సార్, మార్చి ఇంకొకటి ఇయ్యను. కీ లేకుండా బుక్కు పెట్టుకోలేమంటే బుక్కులు గూడా పంపించేయండి. ఆ ఏర్పాటు మేము చేసుకుంటాం." మళ్లీ ఆగింది. ఆయనేదో అడిగాడు. "ఎవురు రాసిందని అడిగేది యాల సార్. నేనే రాసినా. అవును, నేనే. ఇంట్లోవాళ్లకి దీంట్లో సంబంధం లేదు. తప్పు నాదే."

నేను తలుపు మీద చెయ్యి వేశాను. ఈసారి మాట నోటిదాకా వచ్చింది. నేను రాశాను సార్ అని ఆ ఫోనులో వినపడేలా చెప్పడానికి ఒక్క అడుగు లోపలికి వేశాను.

అత్త నన్ను చూసింది. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని లేచి వచ్చింది. రెండో చేత్తో నన్ను మెల్లగా గడప ఇవతలికి జరిపి తలుపు వేసింది.